నందిగామ నుంచి నాము చేను దాకా

వైశాఖ మాసం, బుధవారం, పగలు పన్నెండు గంటల నలభై నిమిషాలు. దుగ్గిరాలకి కాస్త ఇవతల, నీళ్ళు ఆపేసిన కాలవ పక్కన తుమ్మచెట్టు నీడలో పడుకున్న నేను కళ్ళు తెరిచేసరికి మంద ఉండాల్సిన చోట లేదు.

టైము అంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, లేవగానే కొమ్మకి తగిలించిన సంచిలోంచి ఫోను తీసి చూశాను. దాని ముఖం నిండా ఎర్ర అక్షరాలు. గీత దాటింది, గీత దాటింది, గీత దాటింది. మొదటిది పన్నెండూ అయిదుకి. ముప్పై అయిదు నిమిషాల నుంచి అది నన్ను పిలుస్తూనే ఉంది. శబ్దం మాత్రం లేదు.

ఆ రోజు మా జీవాలు ఎందుకు చచ్చాయో, తప్పు ఎవరిదో మా ఊళ్ళో మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు. వాళ్ళెవరూ అక్కడ లేరు. నేనున్నాను. అక్షరాలు నాకు నలభై ఆరో ఏట రాత్రి బడిలో వచ్చాయి. చుట్టూ తిప్పి రాయడం చేతకాదు. బయలుదేరిన దగ్గర నుంచి జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదిహేడో నంబరు

మాది నందిగామ అవతల మెట్ట ఊరు. ఎండాకాలం వచ్చిందంటే మా దగ్గర గడ్డిపోచ ఉండదు. డెల్టాలో అప్పటికి కోతలు అయిపోయి చేలు ఖాళీగా ఉంటాయి. మేము మందని అక్కడికి తోలుకుపోయి రైతుల చేలల్లో రాత్రిళ్ళు కడతాం. గొర్రె పెంటిక, మూత్రం చేనుకి ఎరువు. రైతు మాకు బియ్యం, కూరలు, చేతిలో కొంత పెడతాడు. తొలకరి పడగానే వెనక్కి వస్తాం. నా పెళ్ళి కాకముందు నుంచీ ఇదే పని.

ఈసారి నేనూ, మా తమ్ముడు కోటయ్యా, మావీ ఊళ్ళోవాళ్ళు అప్పజెప్పినవీ కలిపి నూట నలభై రెండు గొర్రెలు, ఒక మేక. మేక ఎందుకంటే గొర్రె తనంతట తాను కొత్త దారిలో అడుగు పెట్టదు. మేక ముందు దూకితే వెనక అన్నీ వస్తాయి.

కొత్తగా వచ్చింది మెడపట్టీలు. ఒక కంపెనీ వాళ్ళు నలభై ఇచ్చారు, వాటితో పాటు ఒక ఫోను. పట్టీ కట్టిన జీవం ఎంత నడిచింది, ఎంతసేపు నెమరు వేసింది, కుంటుతోందా, జ్వరమా, అన్నీ ఆ పట్టీ చూస్తుందట. ఏదైనా తేడా వస్తే ఫోనులో ఏఐ తెలుగులో చెబుతుంది. పట్టీలు కట్టడానికి అనూష అనే ఇంజనీరు అమ్మాయి మా ఊరొచ్చింది. ఒక్కొక్క జీవాన్నీ ఫొటో తీసి, నంబరు వేసి, తన చేత్తోనే కట్టింది. భయపడకుండా పెంటికల్లో కూర్చుంది. అది నాకు నచ్చింది.

పదిహేడో నంబరు పట్టీ మా గంగమ్మ తల్లికి మొక్కిన పొట్టేలుకి పడింది. ఆ పిల్ల దానికి కట్టేటప్పుడు నేను అక్కడ లేను. మొక్కు జీవం మెడకి మా ఇంటి తాడు తప్ప పరాయి తాడు తగలకూడదు. అమ్మాయి వెళ్ళగానే విప్పేశాను. ఊరికే పక్కన పెడితే "పట్టీ జారిపోయింది" అని ఫోను గోల చేస్తుందని ఆమే చెప్పింది. అందుకని దాన్ని మేక మెడకి కట్టాను. కోటయ్య నవ్వి, "గొర్రెనుకుని మేకని చూస్తదా అక్కా?" అన్నాడు. "చూడనీరా, దానికి మాత్రం ఏం తెలుసు" అన్నాను.

అది నేను చేసిన మొదటి తప్పు.

కొండపల్లి

గురువారం తెల్లవారి బయలుదేరి శనివారం పొద్దెక్కేసరికి కొండపల్లి చేరాం. దారి పొడుగునా పవర్ స్టేషన్ పొగ గొట్టాలు కనబడుతూనే ఉంటాయి, ఎంత నడిచినా దగ్గరికి రావు. చదువు ఆలస్యంగా వచ్చిందేమో, నాకు కనిపించిన బోర్డల్లా చదవాలని దురద. అలా చదువుతూ ఒక బొమ్మల ఇంటి ముందు ఆగాను. అరుగు మీద ఒకాయన చెక్క చెక్కుతున్నాడు. పక్కన ఎండబెట్టిన పొణికి కర్రల దొంతర, బొమ్మలు చెక్కేది వాటితోనే. మంచినీళ్ళు అడిగితే ఇచ్చి, మందని చూసి ఫోను తీశాడు.

"పెద్దమ్మగారూ, ఇది చూడండి. గొర్రెల కాపరి బొమ్మ కొత్తరకంగా గీసివ్వమని ఏఐని అడిగా. ఎట్టా ఉంది?"

కాపరి బాగానే ఉన్నాడు. గొర్రెలే, దూది బేళ్ళకి కాళ్ళు పెట్టినట్టున్నాయి.

"ఇయ్యేం గొర్రెలయ్యా? ఇంత బొచ్చేసుకుని మన ఎండలో నడిస్తే మధ్యాహ్నానికి ఉడికిపోతయి."

"మరి మీవేమో బొచ్చు లేకుండా కుక్కల్లా ఉన్నయి. ఇట్టాంటి బొమ్మ చేస్తే గొర్రె అని ఎవరనుకుంటారండీ?"

"తినేవాడెవడైనా గుర్తుపడతాడు."

ఆయన నవ్వుతుండగానే మా మేక ఎక్కింది ఆ కర్రల దొంతర. ఫోను మొదలెట్టింది. చాలా మర్యాద గల గొంతు దానిది. "దయచేసి గమనించండి. పదిహేడో నంబరు జీవం ప్రవర్తన మామూలుగా లేదు. దయచేసి గమనించండి."

"ఎవరండీ ఆ అమ్మాయి, అంత మర్యాదగా తిడతంది?" అన్నాడాయన.

మేకని దింపేసరికి పది కర్రలు కింద పడ్డాయి. ఏమీ అనకుండా తనే సర్దుకున్నాడు. మా ఊళ్ళో అయితే ఈపాటికి పంచాయతీ పెట్టేవాళ్ళు.

భవానీపురం

ఆదివారం బెజవాడ పొలిమేరలో లారీలు ఆపుకునే ఖాళీ స్థలంలో మంద దించాం. నీళ్ళ ట్యాంకరు వాడు పొట్టేళ్ళని చూసి బేరం ఆడాడు. మేం అమ్మం అంటే, మరి ఇక్కడిదాకా ఎందుకు తోలుకొచ్చారని మాతోనే పోట్లాట. బెజవాడలో వద్దన్నా బేరం ఆగదు.

సాయంత్రం అనూష స్కూటరు మీద వచ్చింది. వాళ్ళ ఆఫీసు బెంజ్ సర్కిల్ దగ్గరట. మాకు ఇడ్లీలు తెచ్చింది, ప్లేటు నలభై. కొబ్బరి చట్నీ వేరే, అల్లం చట్నీ వేరే, కారప్పొడి వేరే. నాలుగు ఇడ్లీలకి ఇన్ని చుట్టాలు.

తింటుండగా అడిగింది. "అమ్మగారూ, పదిహేడో నంబరు ఎందుకండీ అట్టా చేస్తోంది? వెనక కాళ్ళ మీద నిలబడుతోంది, ఎత్తులెక్కుతోంది, నెమరు లెక్క తేడాగా ఉంది. మా వాళ్ళు రోజూ అడుగుతున్నారు."

"దానికి మొదటి నించీ పొగరమ్మా. పొట్టేలు కదా."

"పొట్టేలు వెనక కాళ్ళ మీద నిలబడిద్దాండీ?"

"ఆకలేస్తే నువ్వూ నిలబడతావు."

"ఒక్కసారి చూపించండి మరి."

మేకని అప్పటికే కోటయ్య లారీ వెనక కట్టేశాడు. "నీళ్ళకి తోలాం" అన్నాను. ఆ అమ్మాయి నమ్మింది. నమ్మి, ఫోనులో ఏదో రాసుకుంది. తర్వాత ఇడ్లీ పొట్లం మడుస్తూ తన సంగతి చెప్పింది. ఈ ప్రయాణం బాగా జరిగితే జిల్లా అంతా పట్టీలు ఇస్తారట. లేకపోతే ఈ పనే మూసేస్తారట. "పట్టీలతో పాటు నన్నూ అటక మీద పెట్టేస్తారండీ" అని నవ్వింది. నవ్వులో నవ్వు లేదు.

వెళ్ళే ముందు ఇంకో విద్య చూపించింది. జీవాలు ఎక్కడికి పోకూడదో మనం చెబితే, అక్కడ ఫోనులో గీత గీస్తుంది. పట్టీ ఉన్న జీవం గీత దాటితే ఫోను అరుస్తుంది. "సౌండు మాత్రం ఎప్పుడూ తగ్గించకండి, ప్లీజ్" అంది రెండుసార్లు.

వన్ టౌను, బ్యారేజి

సోమవారం చీకటి విడుతుండగా వన్ టౌనులోంచి తోలాం. ఎండ ముదిరితే బండ్లు కదలనివ్వవు. అప్పటికే గోడౌన్లు తెరిచి తోపుడు బండ్ల మీద బస్తాలు ఎక్కిస్తున్నారు. మా ఊరి బజారంతా ఒక్క గోడౌనులో పడుతుంది. ఒక చిన్న గుడి మెట్ల మీద కొత్త పూలదండ పెట్టుంటే మా గొర్రె ఒకటి అందుకుంది.

"ఎవరి మందండీ ఇది? అమ్మవారి దండ తినేసింది!" అని పూజారి కేకలు.

"అమ్మవారికి రోజూ వస్తది బాబూ, దీనికి ఇయ్యాలే దొరికింది" అన్నాను. బస్తాలు మోసే వాళ్ళు నవ్వారు. దండ ఖరీదు అరవై ఇచ్చి బయటపడ్డాం.

బ్యారేజి మొదట్లో కానిస్టేబులు ఆపాడు. "గొర్రెలకి పర్మిషనుందా?"

"పోయినేడు నువ్వే పంపావు కదయ్యా."

"పోయినేడు నేను గుంటూర్లో ఉన్నా."

"అయితే నీలాగే ఉన్నాడాయన, మంచోడు."

తల కొట్టుకుని, పది నిమిషాల్లో దాటేయమన్నాడు. సగం దాకా బాగానే నడిచాం. ఒక పక్క నిండుగా నీళ్ళు, ఇంకో పక్క ఇసకా, గుంటల్లో మిగిలిన నీళ్ళూ. వెనక నుంచి ఒక పాల వ్యాను హారను కొట్టింది. మేక బెదిరి ఎగిరి పిట్టగోడ మీద నిలబడింది. నేను మంద వెనక ఉన్నాను, నాకు కనబడలేదు. కోటయ్య ముందున్నాడు, వాడి వీపు అటుంది. వాడి జేబులో ఫోను అరిచింది. "పదిహేడో నంబరు, పదిహేడో నంబరు." వాడు విసుక్కుంటూ వెనక్కి తిరిగాడు. అప్పటికి రెండు గొర్రెలు మేక వెనకే గోడ మీదికి ముందు కాళ్ళు వేశాయి. ఒకటి ఎక్కితే మిగతా నూట నలభై ఎక్కుతాయి. గొర్రె దాటు అంటే అదే. వాడు కర్ర పారేసి రెండింటినీ చెరో చేత్తో వెనక కాళ్ళు పట్టి లాగాడు. నేను మంద పక్కనుంచి పరిగెత్తుకొచ్చి మేక చెవి పట్టుకుని కిందకి ఈడ్చాను. నా మోచెయ్యి గోడకి రాసుకుని తోలు లేచిపోయింది.

ఆ రోజు ఫోను అరవకపోతే మంద నదిలో ఉండేది.

కాలవ గట్టు

బ్యారేజి దాటితే లోకమే మారుతుంది. మా వైపు బావి ఎండితే ఊరు ఎండినట్టు. ఇక్కడ కాలవ కట్టేసినా అరిటాకు పచ్చగానే ఉంటుంది. దుగ్గిరాల దగ్గర పడేకొద్దీ గాలిలో పసుపు వాసన. ఇంకో వింత చెబుతాను. ఇక్కడ వరి కోశాక జొన్న వేస్తారు. ఎకరాలకి ఎకరాలు. ఒక్కళ్ళూ తినరు. అంతా కోళ్ళ మేతకి పోతుంది. నేను మూటలోంచి జొన్నరొట్టె తీస్తే గట్టు మీద ఒక పెద్దావిడ నన్ను జాలిగా చూసి అన్నం, దోసకాయ పప్పు తెచ్చి పెట్టింది. "మా పెద్దాళ్ళు తినేవాళ్ళంట అమ్మా" అంది రొట్టెని చూపించి, చచ్చిపోయినవాళ్ళ సంగతి చెప్పినట్టు.

మంగళవారం మధ్యాహ్నం ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. టీ పన్నెండు రూపాయలు, గ్లాసు బొటనవేలంత. మేక పక్కింటి గోడ మీది బొప్పాయి ఆకుల కోసం నిలబడింది. ఫోను మొదలు. పదిహేడో నంబరు. దయచేసి గమనించండి. అయిదు నిమిషాలకి మళ్ళీ. మళ్ళీ. కొట్టు దగ్గర కూర్చున్న వాళ్ళు దాన్ని వెక్కిరించడం మొదలెట్టారు. "పదిహేడూ, దయచేసి దిగమ్మా!" అని ఒకడు. "పదిహేడుకి పెళ్ళి చెయ్యండయ్యా" అని ఇంకొకడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"దాని నోరు నొక్కరా" అన్నాను కోటయ్యతో.

వాడు పక్క బొత్తం నొక్కి మొత్తం తగ్గించేశాడు. ప్రాణం హాయిగా ఉంది.

రాఘవరావు గారి చేను

సాయంత్రానికి రాఘవరావు గారి చేను చేరాం. ఆయన ఏటా మా మందనే పిలుస్తాడు. మినుము పీకిన చేను, శుభ్రంగా ఉంది. అయితే పక్కన చిన్న బోదె కాలవ అవతల ఎవరిదో జొన్న చేను. కోసి ఇరవై రోజులైంది. నీళ్ళు లేక మోళ్ళు ఎండి, మధ్యలో కురిసిన ఒక్క జల్లుకి జానెడు పిలకలు వేశాయి. లేత పచ్చ. చూడ్డానికి జీవాలకి అమృతంలా ఉంటుంది.

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఎండకి మాడిన జొన్న మోడు నుంచి వచ్చే ఆ పిలకలో నాము ఉంటుంది. నాము అంటే విషం. గొర్రె కడుపారా తిందంటే గంట పట్టదు. పాముకాటుకైనా కాస్త టైముంటుంది. నేను మా అయ్య దగ్గర మొదట నేర్చుకున్నది అదే. పిలక జొన్నలో మంద మూతి పెట్టకూడదు.

వెంటనే అనూషకి ఫోను చేసి, బోదె వెంట గీత గియ్యమన్నాను. "అది నాము చేనమ్మా, అక్కడికి పోతే చస్తయి" అని చెప్పాను. ఆమె గీసింది. గీసి అడిగింది, "సౌండు పెట్టే ఉంచారు కదండీ?"

"ఉంచాం" అన్నాను. సౌండు మళ్ళీ పెట్టమని కోటయ్యతో తర్వాత చెబుదామనుకున్నాను. అంతలో రాఘవరావు గారు బియ్యం తెచ్చాడు, వంకాయలు తెచ్చాడు, పోయినేడు మంద కట్టిన చేనులో గింజ ఎంత గట్టిగా వచ్చిందో చెప్పడం మొదలెట్టాడు. మరిచిపోయాను.

బుధవారం పొద్దున్నుంచీ కాశాను. పదకొండున్నరకి కోటయ్య నీళ్ళ క్యాన్లు తీసుకుని రాఘవరావు గారి మోటారు షెడ్డుకి వెళ్ళాడు. ఆరు రోజుల నడక, మోచేతి నొప్పి. నా అంతట నేను ఎన్నడూ పగలు మందని వదిలి కన్ను మూయలేదు. ఆ రోజు మూశాను. గీత ఉంది కదా, దాటితే అరుస్తుంది కదా అనుకున్నాను. కాపలావాడి నోరు నేనే కట్టేసి, వాణ్ణి నమ్మి నిద్రపోయాను.

మొదట దాటింది మొక్కు పొట్టేలు అయ్యుంటుంది. దానికి పట్టీ లేదు. వెనక మిగతావి.

నేను లేచి పరుగెత్తేసరికి అరవై దాకా పిలక జొన్నలో ఉన్నాయి. పొట్టేలు అప్పటికే పక్కకి పడి కాళ్ళు కొట్టుకుంటోంది, మెడ వెనక్కి విరుచుకుని. ఇంకో మూడు పడున్నాయి. కొన్ని తూలుతున్నాయి, నోట నురగ. మిగతావి ఇంకా ఆత్రంగా తింటున్నాయి. మోటారు షెడ్డు దాకా వినిపించేలా అరిచాను. కోటయ్య క్యాన్లు పడేసి వచ్చాడు. పరిగెత్తిస్తే విషం తొందరగా పాకుతుంది, అందుకని నెమ్మదిగా తోలాలి. కళ్ళముందు జీవాలు పడిపోతుంటే నెమ్మదిగా నడవడం కంటే కష్టం లేదు.

రాఘవరావు గారు పశువుల డాక్టరుగారికి ఫోను కలిపి నా చేతికిచ్చాడు.

"చిగుళ్ళు చూడమ్మా, ఏ రంగున్నయి?"

"నెత్తురంత ఎర్రగా ఉన్నయండీ."

"అయితే నామే. నేను తెనాలి అవతల ఉన్నా, గంట పడుద్ది. ఇంజక్షన్లు పది జీవాలకే ఉన్నయి. ఈలోపు హైపో దొరికితే నీళ్ళలో కలిపి తాగించు. నిలబడినవాటికే. పడినవాటి నోట్లో పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోద్ది." ఎంత నీళ్ళకి ఎంత అన్నది కూడా చెప్పాడు. గొర్రెకి ఎంత పొయ్యాలో కోటయ్యకి వినపడేలా నేను పైకి అన్నాను.

ఫొటో స్టూడియో

హైపో అంటే నాకు తెలుసు. ముప్పై ఏళ్ళ కింద నందిగామలో ఫొటో స్టూడియోకి పరిగెత్తి తెచ్చాం. ఫొటోలు కడిగే ఉప్పు అది. ఆ రోజుల్లో ప్రతి ఊళ్ళోనూ ఒక స్టూడియో, ప్రతి స్టూడియోలోనూ ఒక డబ్బా.

రాఘవరావు గారి మోటారు సైకిలు వెనక కూర్చుని దుగ్గిరాల వెళ్ళాను. మందుల షాపులో లేదన్నారు. పెద్ద స్టూడియో ఒకటి కనిపించింది, ఏసీ, అద్దాల తలుపు. కుర్రాడు కంప్యూటరులో ఎవరి పెళ్ళి ఫొటోలోనో మామగారి బట్టతలకి జుట్టు మొలిపిస్తున్నాడు.

"హైపో ఉందా బాబూ?"

"అది యాపా అండీ?"

"ఫొటోలు కడిగే మందయ్యా."

"ఫొటోలు కడగడమేంటండీ?"

వాడి తప్పు లేదు. కానీ నాకు ఏడుపొచ్చింది, ఆ ఏసీలో నిలబడి. బయటికొచ్చి వీధి పొడుగునా బోర్డులు చదవడం మొదలెట్టాను. లామినేషన్. ఆన్‌లైన్ సేవలు. జిరాక్సు. జిరాక్సు బోర్డు కింద సున్నం వెనక పాత రంగు అక్షరాలు సగం కనబడ్డాయి. ...స్టూడియో. లోపల తెల్లగడ్డం ఆయన ఆధారు కార్డులు కత్తిరిస్తున్నాడు. పేరు మస్తాన్ గారు.

"హైపోనా? కడగడం మానేసి ఇరవయ్యేళ్ళయిందమ్మా."

"డబ్బా ఉందా లేదా చెప్పండి సాయిబుగారూ. నా జీవాలు నాము తిన్నయి."

ఆయన కుర్చీ వేసుకుని అటక ఎక్కాడు. బూజు, పాత నెగటివుల కట్టలు, చివరికి రెండు డబ్బాలు. రెండింటి కాగితాలూ ఎలుకలు తినేశాయి. రెండింట్లోనూ తెల్లటి గడ్డలు.

"ఒకటి హైపో. రెండోది డెవలపరు సామాను, అది పోస్తే ఉన్నవి కూడా చస్తయి."

"ఏది ఏదండీ?"

"ఆగమ్మా."

రాఘవరావు గారు బయట హారను కొడుతున్నాడు. మస్తాన్ గారు రెండు గ్లాసుల్లో నీళ్ళు పోశాడు. ఒక్కో డబ్బాలోంచి ఒక్కో గడ్డ పగలగొట్టి వేసి కలిపాడు. "రెండు గ్లాసులూ పట్టుకో" అన్నాడు. ఎడమ చేతి గ్లాసు నీళ్ళలాగే ఉంది. కుడి చేతి గ్లాసు చల్లబడుతోంది. చూస్తుండగానే కుండలో నీళ్ళలా అయింది.

"అదే. హైపో కరిగితే నీళ్ళు చల్లబడతయి. చీకటి గదిలో నలభయ్యేళ్ళు చేతులు పెట్టినోణ్ణి, నాకు కాగితం అక్కర్లేదు." డబ్బా నాకిచ్చి షట్టరు దించాడు. "పదండి, నేనూ వస్తా. గడ్డలు తొందరగా నూరడం మీకు రాదు."

ఎంతివ్వమంటారంటే వినిపించుకోలేదు. తన మోపెడ్డు తీశాడు. అది మాకంటే ముందే వెళ్ళింది.

సాయంత్రం

చేనుకి చేరేసరికి ఏడు చచ్చాయి. మస్తాన్ గారు బోదె గట్టు మీద కూర్చుని రాయితో గడ్డలు నూరి బకెట్లో కరిగించాడు. కోటయ్య దవడ తెరిచి పట్టుకుంటే నేను సీసాతో పోశాను. ఒకటి, రెండు, ఇరవై, నలభై. వరసలో ఏది తూలితే దాన్ని ముందుకి లాగుతూ రాఘవరావు గారు. ఆయన తెల్లపంచె నురగతో, పేడతో నిండిపోయింది. పోస్తుండగా నా చేతుల్లోనే ఒకటి జారిపోయింది. డాక్టరుగారు వచ్చి పడినవాటికి నరంలోకి ఇంజక్షన్లు చేశాడు. వాటిలో ఇంకొకటి పోయింది. మిగతావి గంట గడిచాక ఒక్కొక్కటే తల ఎత్తాయి. ఒకటి నెమరు వేసింది. ఆ చప్పుడు విని కోటయ్య నేల మీద కూలబడ్డాడు.

మొత్తం తొమ్మిది. అందులో మొక్కు పొట్టేలు.

కోటయ్య ఫోను చేస్తే అయిదు గంటలప్పుడు అనూష వచ్చింది. బెజవాడ నుంచి స్కూటరు మీదే. ముఖం పాలిపోయుంది. వరసగా పడుకోబెట్టిన వాటిని చూసి చెప్పులు విడిచి నిలబడింది.

"గీత దాటినట్టు అలర్టులు వెళ్ళాయండీ. మా దగ్గర ఉన్నాయి. కానీ ఇక్కడ ఫోను మోగిందో లేదో మాకు తెలీదు. మోగలేదంటే తప్పు మాదే. ఫోను కూడా మేమిచ్చిందే" అంది. "మీరు ఏది చెబితే అది రాస్తానండీ."

కోటయ్య నన్ను చెయ్యి పట్టి పక్కకి లాగాడు. "మోగలేదని చెప్పక్కా. మోగలేదుగా. అబద్ధం కూడా కాదు."

"కాదు."

"తొమ్మిదింటికీ వాళ్ళే ఇచ్చుకుంటారు. మన పరువూ పోదు. మనం నిద్రపోయి జీవాల్ని చంపుకున్నామని ఊళ్ళో తెలిస్తే రేపు ఎవడు మనకి మంద అప్పజెప్తాడు?"

వాడన్నదాంట్లో ఒక్కటీ తప్పు లేదు. ఆ పిల్ల కాగితం పట్టుకుని ఎదురుచూస్తోంది. అందరూ నా వైపే చూస్తున్నారు. నా చీర కొంగు హైపో నీళ్ళకి తడిసి ఇంకా చల్లగానే ఉంది.

"అమ్మా, రాసుకో" అన్నాను. "ఫోను నోరు నేను నొక్కించాను. నిన్న టీ కొట్టు దగ్గర. నువ్వడిగితే సౌండు ఉందన్నాను, లేదు. నిద్రపోయింది నేను. పదిహేడు నంబరు పొట్టేలు కాదు, మేక. పట్టీ మార్చింది నేను."

ఆ అమ్మాయి కాగితం మీద నుంచి తల ఎత్తి నన్ను చూసింది.

"నాతో అబద్ధం చెప్పారండీ."

"చెప్పాను."

"రెండుసార్లు."

"మూడు. లెక్కపెట్టుకో."

"ఆ గోల మేకదని చెప్పుంటే పది నిమిషాల్లో సరిచేసేదాన్నండీ. మీరు సౌండు తగ్గించే పనే ఉండేది కాదు."

ఆమె గట్టు మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుని, నేను చెప్పింది చెప్పినట్టు రాసి చదివి వినిపించింది. కోపంతోనే చదివింది. ఒక్క మాట మార్చలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో మిషనే గొర్రెల్ని చంపిందని కొందరు, మిషను ఉండబట్టే మిగతావి బతికాయని కొందరు, మొక్కు తీర్చనందుకు గంగమ్మ తల్లి తీసుకుందని కొందరు అంటున్నారు. వాళ్ళందరికీ ఈ పేర్లు. తప్పు నాదని నేను ఒప్పుకున్నప్పుడు ఆ చేలో ఉన్నవాళ్ళు వీళ్ళు, ఎవరినైనా అడగండి. సిరంజి కడుక్కుంటున్న డాక్టరు ప్రసాదు గారు. పంచె పిండుకుంటున్న రైతు రాఘవరావు గారు. ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకున్న మస్తాన్ గారు. కాగితం పట్టుకున్న అనూష. ముఖం అటు తిప్పుకున్న మా తమ్ముడు కోటయ్య. నేను, గురవమ్మని.